తంగేడు పూవు, గండు తుమ్మెద

పోచంపల్లి చుట్టుపక్కల మిట్టల్లో, చేని గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే పొద తంగేడు. మన పక్కింటి తమిళులు దీన్నే ఆవారం అంటారు. సంక్రాంతికి ముందు వేపాకు, కొండపిండితో కలిపి ఇంటి చూరుకు కట్టేది ఈ పూలనే. దీని పట్టతో తోళ్లు పదును చేసేవారని పెద్దలకు తెలుసు. ఇంతగా తెలిసిన పూవు కాయగా ఎలా మారుతుందో మాత్రం తక్కువమంది గమనిస్తారు.

తంగేడు పూవులో తేనె ఉండదు. వచ్చిన పురుగుకు అది ఇచ్చే కూలి పుప్పొడే. ఆ కూలి కూడా సులువుగా చేతికి రాదు. పూవులో 10 కేసరాలుంటే పైనున్న 3 వట్టివి. మిగిలిన 7 కేసరాల పుప్పొడి సంచులు నిలువునా పగలవు. కొసన చిన్న రంధ్రం తెరుచుకుంటుంది, అంతే. చిల్లుల మూత ఉన్న పౌడరు డబ్బా అనుకోండి. ఊపితేనే రాలుతుంది.

ఊపేది గండు తుమ్మెద. పూవును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే, వాటిని ఆడించే కండరాలను వణికిస్తుంది. అందుకే పూవు మీద వాలగానే దాని ఝుంకారం స్వరం మారుతుంది. ఉదయంపూట పొద దగ్గర నిలబడి వినండి. తేనెటీగకు ఈ విద్య రాదు. రాలిన పొడి ఏదైనా ఉంటే ఏరుకుని పోతుంది.

తుమ్మెద ముఖ్యంగా మధ్యనున్న పొట్టి కేసరాల పొడిని తీసుకుంటుంది. పొడవాటి కేసరాల పొడి దాని ఒంటికి ఒక పక్కన అంటుకుంటుంది. ఇక కీలం కొన్ని పూలలో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంగి ఉంటుంది. ఒక రకం పూవులో అంటిన పొడి రెండో రకం పూవు కీలానికి తగులుతుంది. రివ్కా డుల్బెర్గర్ అనే శాస్త్రవేత్త 1981లో తంగేడు పూల నిర్మాణంపై వివరమైన అధ్యయనం ప్రచురించారు. అలా పొడి తగిలిన పూవే పల్చని, చదునైన కాయ అవుతుంది. గింజకు పెంకు గట్టి. కొన్ని గింజలు ఒక వానకు మొలవక మరో వానకు ఆగుతాయి.

దీనితో రైతుకేం పని అంటారా? వంకాయ పూవుదీ రంధ్రాల సంచే. టమాట పూవు కూడా కొసనుంచే పొడి వదులుతుంది. టమాట గాలి కదలికకే కాయగలదు గాని, వణికించే ఈగలు వస్తే కాపు మెరుగు. తేనెటీగల పెట్టె ఈ పని చేయలేదు. చేను ఖాళీగా ఉన్న నెలల్లో తుమ్మెదకు మేత పెట్టేది గట్టు మీది తంగేడే. ఎండుకొమ్మలను, పాత దూలాలను తొలిచి అది గూడు పెడుతుంది. గట్టుకు నిప్పు పెడితే మేతా, గూడూ ఒకేసారి పోతాయి. మందు కొట్టక తప్పకపోతే పొద్దు వాలి, పూల మీద తుమ్మెదలు లేని వేళ కొట్టండి. గట్టున ఎండుమోడు ఉంటే కొట్టేయకండి.