పారేసే ముందు... ఓసారి విప్పి చూడండి!

పొద్దున్నే మీట నొక్కి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చినా తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈలోపు కరెంటు పోతుంది. బ్యాటరీ పనిచేయడం ఎప్పుడో మానేసింది కాబట్టి ల్యాప్‌టాపూ ఆరిపోతుంది. కథ మళ్లీ మొదటికే! చర్లలోనో దుమ్ముగూడెంలోనో డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్లో ఇలాంటి పాత ల్యాప్‌టాప్ ఒకటుంటే రోజూ జరిగే తంతే ఇది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అదే ఆఖరు రోజైతే ఇక చెప్పక్కర్లేదు. దాన్ని సంచిలో పెట్టుకుని భద్రాచలం బస్సెక్కాలి. అక్కడ పని కాకపోతే కొత్తగూడెం, అక్కడా కాకపోతే భద్రాచలం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఉన్న ఖమ్మం. తీరా వెళ్లాక వినిపించే మాట... 'పాతదైపోయింది, కొత్తది కొనేయండి'.

ఓ మాదిరిది కొనాలన్నా ముప్ఫై వేల పైమాటే. మిర్చి చేను మీదో, తునికాకు సేకరణ మీదో బతికే ఇంటికి అది చిన్న మొత్తమా? పైగా చాలాసార్లు జబ్బు ల్యాప్‌టాప్ మొత్తానిది కాదు, లోపలి రెండు భాగాలది. ఒకటి ర్యామ్, రెండోది హార్డ్‌డిస్క్. ర్యామ్ చదువుకునే బల్ల లాంటిది, హార్డ్‌డిస్క్ పుస్తకాల బీరువా. బల్ల చిన్నదైతే ప్రతి పుస్తకానికీ లేచి బీరువా దగ్గరికి వెళ్లాలి. ఆ బీరువా తలుపు కూడా బిగుసుకుపోయిందనుకోండి... అదే జరుగుతోంది పాత ల్యాప్‌టాపుల్లో.

హార్డ్‌డిస్క్ పుట్టింది 1956లో. ఐబీఎం తయారుచేసిన ఆ మొదటి యంత్రంలో యాభై పళ్లేలు ఉండేవి, పట్టేది మాత్రం అయిదు మెగాబైట్లే. సెల్‌ఫోనుతో తీసిన ఒకట్రెండు ఫొటోలకు సరిపోతుందంతే! ఆ తర్వాత పరిమాణం తగ్గింది కానీ పద్ధతి మారలేదు. తక్కువ ధర ల్యాప్‌టాపుల్లోని డిస్కులు చాలావరకు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటిమీద సన్నటి చెయ్యి ఒకటి అటూఇటూ కదులుతూ సమాచారం వెతుకుతుంది. నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను మూత మాత్రం వేసి సంచిలో పెట్టుకుని, గుంతల రోడ్డు మీద బస్సులో వెళితే ఆ చెయ్యి పళ్లేనికి తగిలే ప్రమాదం ఉంది. అటవీ గ్రామాల దారులు తెలిసినవాళ్లకు అది ఎంత దగ్గరి ప్రమాదమో వేరే చెప్పాలా?

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు. అంతా చిప్పులే. 1980ల్లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీయే దీనికి మూలం. పాత డిస్కు సెకనుకు వంద మెగాబైట్ల చుట్టుపక్కల చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అయిదు వందలకు పైనే చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలో తేడా ఇంకా ఎక్కువ. నిమిషాలు పట్టే పని సెకన్లలోకి వచ్చేది అందుకే.

మరి ముందు ఏది మార్చాలి? డబ్బు ఒక్కదానికే ఉంటే ఎస్‌ఎస్‌డీకే ఓటు. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటర్ కొంత సరుకును డిస్కులోకి నెడుతుంది. డిస్కు నెమ్మదైతే దెబ్బ మీద దెబ్బ. పైగా 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం చిప్పులన్నీ అటు మళ్లడమే కారణం. ఎక్కడో అమెరికాలో కట్టే సర్వర్లకూ కొత్తగూడెం దుకాణంలో ధరకూ అలా లంకె పడింది. ఆ సెగ ఎస్‌ఎస్‌డీలకూ తగిలింది కాబట్టి రెండు మూడు చోట్ల అడిగాకే కొనాలి. వెయ్యి రూపాయలకే రెండు టెరాబైట్లంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవాటి జోలికి మాత్రం వెళ్లొద్దు, అవి నకిలీలు.

కొనేముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 కూర్చోదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర నొక్కితే రకం, ఖాళీ స్లాట్లు చాలావరకు తెలుస్తాయి. కొన్ని చౌక మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, అక్కడ చేయగలిగింది లేదు. ఎం.2 స్లాటు ఉంటే అది సాటాకా, ఎన్‌వీఎంఈకా అన్నది కనుక్కోవాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి మరి! బ్యాటరీ పనిచేయకపోతే దాన్నీ లెక్కలో వేసుకోవాలి. కరెంటు పోయినప్పుడల్లా అర్ధంతరంగా ఆరిపోతే ఎస్‌ఎస్‌డీకైనా మంచిది కాదు.

ఇంట్లోనే విప్పుతామంటారా? స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ తీగ విడదీసి, ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చుకుంటే తర్వాత తికమక ఉండదు. అంతకన్నా ముందు బిట్‌లాకర్ తాళం సంఖ్య ఉందేమో చూసి రాసుకోవాలి. అది లేక ఫొటోలన్నీ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2017కు ముందొచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావరకు విండోస్ 11 జాబితాలో లేవు. అలాంటివాటికి లినక్స్ మింట్ ఉచితం. తెలుగులో టైపు చేసుకోవడానికీ ఇబ్బంది లేదు.

తీసేసిన పాత డిస్కును దుకాణంలో వదిలేసి రావద్దు. మార్కుల మెమోలు, ఆధార్ కాపీలు, పెళ్లి ఫొటోలు అందులోనే ఉంటాయి. కొన్ని వందల రూపాయల కేసింగ్‌లో పెడితే యూఎస్‌బీతో వాడుకోవచ్చు. 1986లో గోదావరి భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. 2022 జులైలో మళ్లీ 70 దాటింది. ఏటి ఒడ్డున ఉండేవాళ్లయితే ముఖ్యమైన ఫైళ్లన్నీ మరోసారి ఆ డిస్కులోకి ఎక్కించి, మిట్ట మీదున్న ఏ చుట్టాలింట్లోనో దాచుకోవచ్చు.