ఓట్సు స్కోన్లు, పుల్లమజ్జిగ, కొంత రసాయనశాస్త్రం

స్కాట్లండులో స్థిరపడిన మన కుటుంబాలలో ఓట్సుజావ ఎరుగని ఇల్లు ఉండదు. దానిని ఇష్టపడే ఇళ్ళు మాత్రం అరుదు. కొన్నేళ్ళ క్రితం మా వారికి రక్తపరీక్షలో కొలెస్టరాలు హెచ్చుగా ఉన్నదని తేలింది. మందుతోపాటు ఆహారంలో ఓట్సు చేర్చుకొమ్మని వైద్యురాలు సలహా ఇచ్చారు. మరునాటి ఉదయం గిన్నెలో జావ పోసి ముందుంచితే, "నాకేమైనా జ్వరమా?" అన్నారు. తెలుగునాట పెరిగినవారికి జావ అంటే పథ్యమే కదా! మూడవనాటికి గిన్నె ముట్టకుండానే మిగిలిపోయింది. అదే ధాన్యాన్ని నమిలి తినదగిన రూపంలో పెట్టే ఉపాయం వెదకుతూ నేను స్కోన్ల వైపు మళ్ళాను.

ఓట్సును కొందరు 'యవలు' అని అనువదిస్తున్నారు. అది పొరపాటు, యవలంటే బార్లీ. చల్లని, తేమగల వాతావరణంలో, గోధుమ సరిగా పండని నేలలో సైతం ఓట్సు పండుతుంది. స్కాట్లండు ప్రజలకు అది శతాబ్దాల తరబడి ముఖ్యాహారం కావడానికి కారణమిదే. ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే గింజ అక్కడ మనుషులను పోషిస్తున్నదని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో ఎత్తిపొడిచాడు. గుర్రాల మాట ఎలా ఉన్నా, ఈ గింజలో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచుపదార్థం ఉన్నది. అది నీటిలో జిగురై, ప్రేగులలో పైత్యరసపు ఆమ్లాలను పట్టి వెలుపలికి పంపుతుంది. ఆ నష్టాన్ని పూడ్చుకొనేందుకు కాలేయం రక్తంలోని కొలెస్టరాలును వాడుకొంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అవసరమన్న ప్రమాణాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అంగీకరించింది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో తరువాత పని ఉన్నది.

నా మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. చేతి అలవాటు కొద్దీ ముద్దను చపాతీపిండివలె బాగా మర్దించాను. ఓవెన్ నుండి వచ్చినవి స్కోన్లు కావు, గులకరాళ్ళు. గోధుమపిండిని తడిపి పిసికితే అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకొంటాయి. చపాతీకి అది కావాలి. స్కోనుకు అంతగా అక్కరలేదు. ఓట్సుకు అటువంటి వల అల్లే శక్తి లేదు కనుక గోధుమపిండి కొంత కలుపక తప్పదు. కలిపినా, ముద్ద కూడిన వెంటనే చేయి తీసివేయాలి.

రెండవసారి పొంగాలన్న ఆశతో వంటసోడా ధారాళంగా వేశాను. స్కోన్లు పొంగాయి, కాని పసుపురంగు తిరిగి, సబ్బు రుచి వచ్చాయి. సోడా క్షారం. దానికి తగిన ఆమ్లం దొరికితేనే బొగ్గుపులుసు వాయువు పూర్తిగా విడుదలవుతుంది. మిగిలిన క్షారమే ఆ రంగు, ఆ రుచి. ఈ రహస్యం మన వంటింట్లో ఎన్నడో ఉన్నది. మైసూరు బజ్జీల పిండిలో పుల్లపెరుగు, వంటసోడా కలపడం ఇందుకే! మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిసినంతనే వాయువు పుట్టడం మొదలవుతుంది. కనుక కలిపిన ముద్దను ఆలస్యం చేయక ఓవెన్‌లో పెట్టాలి. బేకింగ్ పౌడరులో ఆమ్లం ముందే కలిసి ఉంటుంది. వేడి తగిలినప్పుడు అది మరికొంత వాయువునిస్తుంది. ఈస్టు పడని భార్య కోసం బర్మింగ్‌హాములో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధ వ్యాపారి 1843లో దీనిని రూపొందించాడు. అవసరం ఇంట్లోనే పుట్టింది, మా ఇంట్లోవలెనే.

ఇక నేను స్థిరపరచుకొన్న పాళ్ళు. చదునుగా ఒత్తిన ఓట్సు 100 గ్రాములు తీసుకొని, సగం మిక్సీలో బరకగా ఆడించాలి. తక్కిన సగాన్ని 175 మిల్లీలీటర్ల పుల్లమజ్జిగలో పావుగంట నానబెట్టాలి. పొట్టుతీయని గోధుమపిండి 150 గ్రాములలో ఆడించిన ఓట్సు, అర చెంచా వంటసోడా, ఒక చెంచా బేకింగ్ పౌడరు, 25 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి, 50 గ్రాముల చల్లని వెన్నను వేళ్ళతో పిండిలో రుద్దాలి. నానిన ఓట్సును మజ్జిగతోసహా పోసి, ముద్ద కూడగానే ఆపి, రెండంగుళాలు కాదు సుమా, ఒక్క అంగుళం మందంగా గుండ్రని బిళ్ళగా తట్టి, కత్తితో ఎనిమిది ముక్కలు కోయాలి. 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో పావుగంట చాలును. పూర్వం స్కాట్లండు పల్లెలలో ఓవెన్ లేని ఇళ్ళవారు వీటిని పొయ్యిమీది ఇనుప పెనంమీదనే కాల్చుకొనేవారు. మన రొట్టెలకు చుట్టరికం ఉన్నట్లే. చక్కెర మాని జీలకర్ర, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసిన రకమే మాకు ఎక్కువ నచ్చింది.

ఇప్పుడు ఆ అంకె. 100 గ్రాముల ఓట్సులో సుమారు 4 గ్రాముల బీటా గ్లూకాన్ ఉంటుంది. ఎనిమిది ముక్కలకు పంచితే ఒక్కొక్కదానికి అర గ్రామే! 3 గ్రాములు కావాలంటే ఆరు స్కోన్లు తినాలి. వాటితోపాటు దాదాపు 37 గ్రాముల వెన్న కడుపులోకి పోతుంది. వెన్నలోని సంతృప్త కొవ్వు చెడు కొలెస్టరాలును పెంచేదే. పైన జాము, మీగడ వేసుకొంటే చెప్పనక్కరలేదు. చక్కెరవ్యాధి ఉన్నవారు ఒక్కో స్కోనులో ఇరవై గ్రాములకు పైగా పిండిపదార్థాలున్నాయని లెక్కలోకి తీసుకోవాలి. అందువల్ల ఓట్సు స్కోనును మందుగా ఎంచరాదని నా అభిప్రాయం. తెల్లపిండి, అధికమైన చక్కెర కలిపి అమ్మే అంగడి స్కోనుకంటె మెరుగైన ఫలహారంగా ఎంచితే చాలు. నేను ఇప్పుడు వెన్నలో సగం తగ్గించి, ఆ మేరకు రేప్‌సీడ్ నూనె పోస్తున్నాను. పొరపొరలుగా విడిపోయే గుణం కొంత తగ్గుతుంది, నిజమే.

మూడు నెలల తరువాత పరీక్షలో కొలెస్టరాలు తగ్గింది. మా వారు ఆ ఘనత నా స్కోన్లదే అన్నారు. మందు క్రమం తప్పక వేసుకొన్నారని, వేపుళ్ళు తగ్గించామని నేను గుర్తుచేశాను. ఉదయం 40 గ్రాముల ఓట్సుతో ఉప్మా, సాయంకాలం రెండు స్కోన్లు, వెరసి 2.6 గ్రాములు. మిగిలిన ఆ కాస్త లోటును జావతో పూరిద్దామంటే మాత్రం వారు వార్తాపత్రిక అడ్డం పెట్టుకొంటారు.