లైసెన్సు కావాలంటే ఛాతీ నొక్కడం రావాలి

2021 జూన్ 12. కోపెన్‌హేగెన్‌లో ఫిన్లాండ్‌తో ఫుట్‌బాల్ ఆడుతూ డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఉన్నట్టుండి కుప్పకూలాడు. వైద్యులు పరుగున వచ్చి ఛాతీ నొక్కారు, షాక్ ఇచ్చారు; బతికాడు. స్టేడియం కాబట్టి సరిపోయింది. 2001లో అదే దేశంలో ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో నెల తర్వాత ప్రాణాలతో ఉన్నది నూటికి నలుగురు కూడా కాదు.

గుండెపోటు వేరు, ఇలా గుండె ఆగిపోవడం (కార్డియాక్ అరెస్ట్) వేరు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది; మనిషి నొప్పితో బాధపడతాడు, మాట్లాడగలడు. కార్డియాక్ అరెస్ట్‌లో చాలాసార్లు విద్యుత్ లయ చెదిరి, గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణుకుతాయి. క్షణాల్లో స్పృహ పోతుంది. (మొదటిది రెండోదానికి దారితీయవచ్చు, అందుకే ఇంత గందరగోళం.) ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఆడుతోందిలే అనుకుని చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారు. అక్కడే ప్రాణం పోతుంది. ఏమీ చేయకపోతే బతికే అవకాశం నిమిషానికి నూటికి 7 నుంచి 10 వంతులు తరుగుతుంది. ఎంత వేగంగా వచ్చే అంబులెన్స్‌కైనా ఆ లెక్క అందదు.

డెన్మార్క్ పట్టుకున్నది ఆ మొదటి నిమిషాలనే. 2005లో బడుల్లో సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) నేర్పడం తప్పనిసరి చేసింది. 2006 నుంచి డ్రైవింగ్ లైసెన్సు అడిగేవాళ్లూ నేర్చుకోవాల్సిందే. ఈ రెండోది గడుసు ఆలోచన: శిక్షణ శిబిరానికి రమ్మంటే ఎందరొస్తారు? లైసెన్సు మాత్రం అందరికీ కావాలి. సొంతంగా నేర్చుకునే కిట్లు సుమారు 1,50,000 పంచారు. నేర్చుకోవాల్సింది కొండంత కాదు: ఛాతీ నడిమధ్య, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కడం.

2001లో అంబులెన్స్ వచ్చేలోగా ఎవరో ఒకరు ఛాతీ నొక్కింది నూటికి 21 మందికి. 2010కి 45 మందికి. నెల దాటి బతికినవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. ఆసుపత్రి చికిత్సా మెరుగైంది కనుక ఘనతంతా సీపీఆర్‌దే అనలేం.

షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టెల దగ్గర మరో చిక్కొచ్చింది. అవి ఎక్కువగా ఆఫీసుల్లో, బడుల్లో ఉండి రాత్రిళ్లు తాళాల వెనకే ఉండిపోయేవి; గుండెలు ఆగేదేమో ఎక్కువగా ఇళ్లలో. 2017లో వచ్చిన ఫోన్ యాప్ ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం. ఎమర్జెన్సీకి కాల్ రాగానే చుట్టుపక్కల వాలంటీర్ల ఫోన్లు మోగుతాయి. కొందరు తిన్నగా ఆ ఇంటికి పరుగెడతారు, మిగతావాళ్లు దారిలో ఏఈడీ అందుకుని వస్తారు.