పనిలో దొరికే మనిషి: గోథే ఆలోచనలు

తానెవరో తెలుసుకోవడానికి మనిషి ఎంతసేపు లోపలికి చూసుకున్నా లాభం లేదని జర్మన్ మహాకవి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఫన్ గోథే (1749–1832) నమ్మాడు. పనిలోకి దిగితేనే తన సత్తా, తన లోటు రెండూ బయటపడతాయి. ఆ పని గొప్పదే కానక్కర్లేదు, ఆ పూట ముందుకొచ్చిన బాధ్యత చాలు. తీరిక దొరికిన కవి చెప్పిన నీతిగా ఇది కనిపించవచ్చు గానీ, ఆయనకు అంత తీరిక ఉండేది కాదు.

పాతికేళ్లకే వెర్థర్ నవలతో (1774) ఐరోపా అంతటా పేరు మోగింది. మరుసటి ఏడే యువ పాలకుడు కార్ల్ ఆగస్ట్ పిలుపుతో వైమార్ అనే చిన్న సంస్థానానికి వెళ్లి, కొద్దికాలంలోనే మంత్రిమండలిలో చేరాడు. రోడ్లు, సైన్యం, గనులు ఆయన చేతికి వచ్చాయి. ఆ సంస్థానంలోని ఇల్మెనావ్‌లో మూతపడి ఉన్న గనిని 1784లో మళ్లీ తెరిపించాడు. కొన్నేళ్లకు అందులోకి నీళ్లు చొరబడ్డాయి, ఆ ప్రయత్నం ఫలించలేదు. మనిషికి హద్దులున్నాయన్న మాట ఆయన రాతల్లో పదేపదే రావడం వెనుక ఇలాంటి అనుభవాలూ ఉండి ఉంటాయి.

అదే 1784లో మానవ కపాలాన్ని పరిశీలించి, పైదవడ ముందుభాగంలో ఉండే చిన్న ఎముక జాడ మనిషిలోనూ ఉందని గోథే తేల్చాడు. అది జంతువులకే ఉంటుందనీ, మనిషిని వాటినుంచి వేరుచేసే గుర్తు అదేననీ అప్పటి పండితుల్లో చాలామంది వాదన. ఫ్రాన్సులో మరొకరు దీన్ని ముందే గమనించారు. అయినా గోథేకు దక్కిన ఆనందం తగ్గలేదు, ప్రకృతి గొలుసులో మనిషీ ఒక లంకె అని రుజువు దొరికింది కదా! 1790లో వెలువరించిన మొక్కల పుస్తకంలో, ఒకే మూల అవయవం ఆకుగా, రేకుగా, కేసరంగా మారుతుందని వివరించాడు. మనిషి స్వభావాన్నీ ఆయన ఇదే కంటితో చూశాడు.

అందుకే వయసుకో తత్వం ఉంటుందన్నాడు. పసివాడు కంటికి కనిపించేదాన్నే నమ్ముతాడు. యువకుడు ఆదర్శాల వెంట పడతాడు, నడివయసువాడికి అన్నీ సందేహాలే. ముసలివాడు అంతుపట్టనిదాన్ని ఒప్పుకుంటాడు. ఈ వరుస గోథే జీవితానికే పూర్తిగా సరిపోలేదు. 1823లో, 74 ఏళ్లు నిండబోతున్న వేళ, 19 ఏళ్ల ఉల్రికే ఫన్ లెవెట్సోను పెళ్లాడాలనుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ బాధలోంచే మారియన్‌బాద్ విలాపగీతం పుట్టింది.

ఆయన పరిశీలనల్లో అన్నిటికన్నా పదునైనది భ్రమ గురించిన ఆలోచన. నిజం మనకు రుచించదు, ఎందుకంటే అది మన హద్దుల్ని ఒప్పుకోమంటుంది. భ్రమ అలా కాదు, మనకు అసాధ్యమే లేదని ముఖస్తుతి చేస్తుంది. భ్రమకు అంతమంది ఆశ్రితులు ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. అసూయకూ ఆయన దగ్గర మందుంది. ఎదుటివాడు మనకన్నా చాలా గొప్పవాడైతే అతణ్ని ప్రేమించడం తప్ప దారి లేదంటాడు. 1794 నుంచి 1805 దాకా సాగిన స్నేహంలో తోటి కవి షిల్లర్‌తో పోటీపడక కలిసి పనిచేసిన మనిషి మాట ఇది. పరాయి నమ్మకాల్ని ఊరికే సహించి ఊరుకోవడం గోథే దృష్టిలో అవమానించడంతో సమానం, సహనం నుంచి గౌరవం దాకా నడవాలి.

ఈ ఆలోచనలున్న సూక్తుల్ని గోథే ఒకే పుస్తకంగా రాయలేదు. కొన్ని 1809 నాటి నవలలో ఒక పాత్ర డైరీలోకి వెళ్లాయి, కొన్ని ఆయన పత్రికలో అచ్చయ్యాయి. విల్‌హెల్మ్ మైస్టర్ నవల చివరి భాగం 1829లో అచ్చుకు వెళ్తుండగా, సంపుటాలు పలచబడుతున్నాయని తేలడంతో కాగితాల కట్టలు తీసి సహాయకుడు ఎకర్మన్‌కు ఇచ్చి నింపమన్నాడట. ఎకర్మనే ఆ సంగతి రాసిపెట్టాడు. 1907లో మాక్స్ హెకర్ అన్నిటినీ పోగుచేసి సంఖ్యలు వేస్తే 1400 దాటాయి. వాటిలో గోథే ఇతరుల పుస్తకాలు చదువుతూ నచ్చి ఎత్తి రాసుకున్న వాక్యాలూ ఉన్నాయి.