ఎదుటి ముఖంలో ఏముంది?

అన్నం వడ్డిస్తున్న తల్లి ఏదో పరధ్యానంలో ఉంటుంది. “నామీద ఎందుకే అంత కోపం?” అంటూ కొడుకు కంచం ముందునుంచి లేచిపోతాడు. స్కిజోఫ్రీనియా ఉన్న ఇంట్లో ఇది వింత కాదు. పాపం, వాడి మనసు రాయి కాదు. ముఖకవళికలు బోధపడక వచ్చిన తంటా!

అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు ఎక్‌మన్, ఫ్రీసెన్ 1976లో ప్రకటించిన 110 ముఖచిత్రాలను ఇటువంటి పరీక్షలలో చూపుతూంటారు. రోగులు నవ్వును చాలావరకు పోల్చుకుంటారు. భయం, కోపం, దుఃఖం దగ్గర తడబడతారు. ఏ భావమూ లేని ముఖంలో కొందరికి పగ కనిపిస్తుంది. ఎదుటివారి కళ్ళమీద, నోటిమీద చూపు నిలవకపోవడం ఒక కారణమంటారు.

మందులు చెవిలో వినిపించే గొంతులను అణచినంతగా ఈ లోపాన్ని దిద్దవు. శిక్షణతో మాత్రం కొంత పట్టుబడుతుంది. కనుబొమలు ముడిపడ్డాయా, పెదవి వంగిందా అని ఒక్కొక్కటే గమనింపజేస్తారు.