మొదటి ఎల్క్ వేటకి ఏ రైఫిల్?

కొలరాడోలో ఎల్క్ వేటకెళ్తున్నా, తక్కువలో ఏ రైఫిల్ కొనాలన్నా అని ఒక తమ్ముడు అడిగాడు.

ముందు ఒక మాట. హెచ్1బీ మీద ఉంటే హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకీ ముట్టుకోవద్దు, ఫెడరల్ నేరం. లైసెన్స్‌కి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. నేను అవన్నీ అయ్యాకే రేంజ్‌కెళ్లా.

ఎల్క్ అంటే మన కణుజు జాతే, కానీ మగది 300 కిలోలు తూగుతుంది. అందుకే పెద్ద మాగ్నమే కావాలనుకున్నా. ఫ్రెండ్‌ది పట్టుకుంటే, భుజం మీద ఆ తన్నుకి రెండో షాట్ నుంచే కళ్లు మూసుకుపోయాయి! అలా కాలిస్తే ఊపిరితిత్తుల్లో తగలాల్సిన తూటా పొట్టలో తగులుతుంది, పాపం అది గాయంతో మైళ్లు పోతుంది.

నా ఓటు .308కే. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ చాలు. మిగిలిన డబ్బులు స్కోపుకీ, ప్రాక్టీస్ తూటాలకీ పెట్టండి. బల్ల మీద ఆనించి కాదు, నేల మీద కూర్చుని కాల్చండి. 200 గజాల్లో అన్నం పళ్లెమంత చోట ప్రతి తూటా పడట్లేదా, ఇంకా దగ్గరికెళ్లాకే ట్రిగ్గర్ నొక్కాలి.