వాన అడవిలో, వాగు పక్కన గుడారం

వర్షారణ్యం అనగానే భూమధ్యరేఖ దగ్గరి ఉక్కపోతే గుర్తొస్తుంది. చలి ప్రాంతాల్లోనూ వర్షారణ్యాలున్నాయి. అమెరికా వాయవ్య మూల, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్కులో ఉన్న ‘హో’ అడవి అలాంటిదే. అక్కడ ఏడాదికి 12 నుంచి 14 అడుగుల వాన పడుతుంది. మన కోస్తా వాన అందులో మూడో వంతు కూడా ఉండదు.

పసిఫిక్ మీంచి వచ్చే మేఘాలను 7,980 అడుగుల ఒలింపస్ పర్వతం అడ్డుకుంటుంది. అవి పడమటి వైపే కురిసి ఖాళీ అయిపోతాయి. కొండలకు అవతల ఉన్న సీక్విమ్ అనే ఊళ్లో ఏడాది మొత్తానికీ పడేది సుమారు 16 అంగుళాలే, మన అనంతపురం కన్నా తక్కువ!

అక్కడి వానాకాలం మనకు పూర్తిగా ఎదురు. నవంబరు నుంచి జనవరి దాకా జోరు వానలు. జూలై, ఆగస్టుల్లో, మనకు నైరుతి ఊపు మీదున్నప్పుడు, అక్కడ కాస్త తెరిపి. గుడారం వేయాలంటే అదే అదను.

ఆ అడవిలో తలెత్తి చూడాల్సింది బిగ్‌లీఫ్ మేపుల్ చెట్లను. కొమ్మల నిండా నాచు దళసరిగా పేరుకుని, జడలు జడలుగా వేలాడుతుంటుంది. పాపం, నాచు చెట్టును పీల్చేస్తోందేమో అనిపిస్తుంది. నిజానికి లాభం చెట్టుకే. భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త నళిని నడ్కర్ణి తాళ్లు కట్టుకుని పైకెక్కి, ఆ నాచును ఒలిచి చూశారు. కింద కొమ్మలోంచే వేళ్లు పుట్టుకొచ్చి ఉన్నాయి! నాచులో కొన్నేళ్లుగా పోగుపడిన మట్టిలోంచి చెట్టు నీళ్లూ పోషకాలూ తీసుకుంటోంది. ఈ సంగతి 1981లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అంత ఎత్తున వేళ్లుంటాయని వెతకాలనిపించడమే గొప్ప.

కొన్నిచోట్ల పెద్ద చెట్లు ఎవరో తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో కనిపిస్తాయి. నేలంతా నాచూ ఫెర్న్ మొక్కలూ కమ్మేయడంతో స్ప్రూస్, హెమ్లాక్ విత్తనాలు అక్కడ నిలదొక్కుకోలేవు. పడిపోయిన మాను మీద మొలుస్తాయి. వందల ఏళ్లకు ఆ మాను చివికిపోతుంది, వరస మాత్రం మిగులుతుంది. వేళ్ల కింద మనిషి దూరేంత ఖాళీలుంటే, ఒకప్పుడు మాను ఉన్న చోటు అదే.

హో నది నీళ్లు పాలు కలిపినట్టుంటాయి. హిమానీనదాలు రాళ్లను నూరిన పిండి అది. ఎండ కాసిన రోజు మంచు కరిగి, చుక్క వాన లేకపోయినా సాయంత్రానికి నీటిమట్టం పెరుగుతుంది. నదిలో దిగి దాటాలంటే పొద్దున్నే దాటాలి. పక్క వాగుల్లో నీళ్లు అద్దంలా ఉన్నా అలాగే తాగకూడదు, జియార్డియా అనే పరాన్నజీవి పట్టుకుంటుంది. నిమిషం పాటు తెర్లనిస్తే చాలు.

చల్లగాలి పల్లానికే దిగుతుంది కాబట్టి వాగు ఒడ్డున రాత్రి చలి ఎక్కువ. గుడారం గాలి కిటికీలు మూసేస్తే మన ఊపిరి తేమే లోపల చుక్కలై కారుతుంది. నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది.

ఇక్కడ గ్రిజ్లీలు లేవు, నల్ల ఎలుగుబంట్లున్నాయి. వాసన వచ్చేదేదీ గుడారంలో ఉండకూడదు. టూత్‌పేస్ట్, సబ్బు, ఆవకాయ సీసా అన్నీ ఎలుగు తెరవలేని డబ్బాలోకే.

1909లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతం చేసింది ముఖ్యంగా ఎల్క్ జింకల కోసం. ఆ జింకలకు ఆయన పేరే ఉంది. 1938లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో అది నేషనల్ పార్కు అయింది.

సియాటిల్ నుంచి కారులో సుమారు నాలుగు గంటల దారి. అక్కడి తెలుగువాళ్లకు నా మనవి: అడవి లోపల రాత్రి ఉండటానికి పర్మిట్ ముందే తీసుకోండి. కాలకృత్యాలకు నీటికి 200 అడుగుల అవతల, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి పూడ్చండి. మెత్తగా ఉందని నాచు మీద గుడారం వేయకండి. ఇదివరకు గుడారాలు పడిన గట్టి నేల మీదే వేసుకోండి.